చెయ్యి ఒప్పుకున్నంత ఆట



ఈ పూట ఒక మణికట్టు గురించి మాట్లాడుకుందాం. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా కుడి మణికట్టు అది. ఆమె గెలిచిన కప్పుల లెక్క చాలామందికి తెలుసు. ఆ చెయ్యి ఎన్నిసార్లు మొరాయించింది, మొరాయించిన ప్రతిసారీ ఆమె ఏం వదులుకుంది అన్న సంగతి మాత్రం తక్కువమంది చెప్పుకుంటారు. నా మటుకు నాకు ఆమె గొప్పతనం ఆ రెండో కథలోనే ఎక్కువగా కనబడుతుంది.

ఈ కథ మన హోసూరు, కృష్ణగిరి తావున ఎందుకంటారా? ఆదివారం పొద్దున బాగలూరు నుంచి సూళగిరి దాకా, డెంకణీకోట నుంచి వేపనపల్లి దాకా ఏ బయలు చూసినా బంతి విసిరే పిల్లలే. వాళ్లలో కొందరికి భుజం పీకుతుంటుంది, కొందరికి మోచెయ్యి సలుపుతుంటుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పరు. చెబితే ఆట మాన్పిస్తారని భయం. జట్టులో చెప్పరు. చెబితే ఇంకొకణ్ణి దింపుతారని భయం. ఆ పిల్లల తల్లిదండ్రులూ, వాళ్ల బడిలోని పీటీ మాస్టర్లూ ఈ నాలుగు మాటలు వింటారని నా ఆశ.

సానియా 1986 నవంబరు 15న ముంబైలో పుట్టింది. పెరిగిందంతా హైదరాబాదే. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టుకుంది. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005 వచ్చేసరికి దేశం మొత్తం ఆ పిల్ల వైపు తిరిగి చూసింది. ఆ జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండు దాకా వెళ్లి సెరెనా విలియమ్స్‌తో తలపడింది. ఫిబ్రవరిలో సొంత ఊళ్లో జరిగిన హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ అందుకున్న మొదటి భారతీయ మహిళ అయింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు చేరింది. 2007 ఆగస్టు నాటికి ప్రపంచ సింగిల్స్ ర్యాంకుల్లో ఆమెది 27వ స్థానం. అంత ఎత్తుకు మన దేశం నుంచి ఇంకే అమ్మాయీ ఇప్పటికీ వెళ్లలేదు.

ఆమె ఆటకు ప్రాణం ఫోర్‌హ్యాండ్. సర్వీసు మామూలుదే, కోర్టులో పరుగూ మరీ వేగంగా ఏమీ ఉండేది కాదు. కానీ ఆ ఫోర్‌హ్యాండ్ తగిలిందంటే ఎదుటివాళ్లు ఎంతటివాళ్లైనా బంతి వెనక చూస్తూ నిలబడాల్సిందే. ఆ దెబ్బ బలంలో పెద్ద వాటా మణికట్టుది. బంతి రాకెట్‌కు తగిలే ఆ రెప్పపాటులో మణికట్టు వెనక్కి వంగి, కొరడాలా ముందుకు విదిలించుకునేది. ఎంత వంగితే అంత వేగం. అయితే ఎంత వంగితే అంత ఒత్తిడి కూడా. చిటికెన వేలి వైపు మణికట్టులో చిన్న చిన్న ఎముకలనూ, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లనూ, పైనుంచి పోయే నరాలనూ ఆ విదిలింపు ప్రతిసారీ లాగుతుంది. రోజుకు కొన్ని వందల దెబ్బలు, ఏడాదికి పది నెలలు, ఆరేళ్ల వయసు నుంచి. ఆమెను పైకి తెచ్చిన బలమూ, ఆమెను కూలదోసిన బలహీనతా ఒకే కీలులో ఉన్నాయి.

2008లో ఆ కీలు ఆగిపోయింది. ఫ్రెంచ్ ఓపెన్ పోయింది, యూఎస్ ఓపెన్ పోయింది. వాటి మధ్య ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. దేశం తరఫున ఆడాలని పట్టుదలగా వెళ్లింది. చెక్ దేశపు ఇవెతా బెనెసోవాతో మొదటి రౌండు. మొదటి సెట్టు చేజారింది. రెండో సెట్టు మధ్యలో నొప్పి ఓర్చుకోలేక ఆట ఆపేసింది. అప్పటికి ఆమె వయసు 21. ఆ ఏడాదే మణికట్టుకు ఆపరేషన్ అయింది.

ఆ రోజుల గురించి సానియా చాలా ఏళ్ల తర్వాత నోరు విప్పింది. మూడు నాలుగు నెలలు మనసు బాగా కుంగిపోయిందని, కారణం లేకుండా ఏడుపు ముంచుకొచ్చేదని, అన్నం తినడానికి కూడా గదిలోంచి బయటికి రాబుద్ధి అయ్యేది కాదని చెప్పింది. జుట్టు దువ్వుకోవడానికి కూడా ఆ చెయ్యి లేవలేదట. ప్రపంచంలో 27వ స్థానంలో నిలిచిన చెయ్యి దువ్వెన పట్టలేకపోవడం ఎలాంటి బాధో ఒక్కసారి ఊహించండి. ఆటగాళ్ల గాయాల గురించి పేపర్లలో ఎంత రాసినా, ఆరు వారాల విశ్రాంతి అనో మూడు నెలల విరామం అనో ఒక ముక్కలో తేల్చేస్తారు. ఆ ఆరు వారాలూ ఆ మనిషి గదిలో ఎలా గడిచాయో ఎవరూ అడగరు. మనసు కుంగిందని చెప్పుకోవడం మన ఇళ్లల్లో ఇప్పటికీ తప్పుగానే చూస్తారు కాబట్టి, ఆమె బయటపెట్టి చెప్పడం గెలిచిన కప్పులంత విలువైన పని అనుకుంటాను.

కొద్ది నెలలకే, 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో, మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అనిపించుకుంది. కథ ఇక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కాలేదు. 2010లో మళ్లీ అదే మణికట్టు. నెలల తరబడి ఆట లేదు. సింగిల్స్ ర్యాంకు వంద దాటి కిందికి జారిపోయింది. ఆ ఏడాది చివర్లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ రజతం, డబుల్స్ కాంస్యం తెచ్చుకుంది. మళ్లీ కష్టపడి పైకి వచ్చింది. ఈసారి మోకాళ్లు అడ్డం తిరిగాయి. అంతా కలిపి రెండు మోకాళ్లకూ ఒక మణికట్టుకూ మూడు ఆపరేషన్లు.

2013లో ఆమె సింగిల్స్ మానేసింది.

ఈ నిర్ణయం దగ్గర కాసేపు ఆగాలి. టెన్నిస్ లోకంలో పేరూ డబ్బూ ఫోటోలూ అన్నీ సింగిల్స్ ఆడేవాళ్లకే. డబుల్స్ ఫైనల్ జరిగేటప్పుడు కూడా సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. దేశంలో సింగిల్స్‌లో అంత దూరం వెళ్లిన ఏకైక అమ్మాయి, 26 ఏళ్ల వయసులో, దాన్ని తన చేత్తోనే పక్కన పెట్టింది. ఓడిపోయి వదిలేసిందన్నవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. తన ఒంటిని అంత నిజాయితీగా లెక్క చూసుకున్న ఆటమనిషి మన దేశంలో అరుదు.

ఆ లెక్క వినండి. సింగిల్స్‌లో ఒక గేమ్ విడిచి ఒక గేమ్ సర్వీసు మనదే. డబుల్స్‌లో నాలుగు గేములకు ఒకసారి వస్తుంది. అంటే భుజం మీద, మోచెయ్యి మీద, మణికట్టు మీద పడే అత్యంత కఠినమైన పని సగానికి తగ్గినట్టు. ఎదుటివాళ్ల సర్వీసును తిప్పికొట్టే పనిలో కూడా సగం భాగస్వామి పంచుకుంటుంది. పరుగెత్తాల్సిన మేర సగం. బంతి అటూ ఇటూ తిరిగే దెబ్బల వరస కూడా పొట్టిది. మిగిలేది ఏమిటి? ఆ ఫోర్‌హ్యాండ్. దాన్ని మాత్రం పూర్తి బలంతో కొట్టుకోవచ్చు. చేతికి ఎక్కడ భారమో అక్కడ తగ్గించి, ఎక్కడ సత్తా ఉందో అక్కడే ఖర్చు పెట్టింది.

ఫలితం రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 2014లో బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన విశాఖ కుర్రాడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ స్వర్ణం తెచ్చింది. 2015 మార్చిలో మార్టినా హింగిస్‌తో జట్టు కట్టింది. 2006లో సియోల్‌లో సింగిల్స్‌లో సానియా ఓడించిన హింగిస్సే ఈమె. హింగిస్ కూడా గాయాల దెబ్బకు 22 ఏళ్లకే ఒకసారి ఆట మానుకుని తిరిగొచ్చిన మనిషి. వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్, నెట్ దగ్గర హింగిస్ చాకచక్యం. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్స్‌టన్ వరసగా గెలిచారు. 2015 ఏప్రిల్ 13న సానియా మీర్జా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. భారతీయ మహిళల్లో ఆమే మొదలు. వింబుల్డన్ ఫైనల్లో మూడో సెట్టు 2-5తో వెనకబడి కూడా 7-5తో లాక్కున్నారు. తర్వాత యూఎస్ ఓపెన్, ఆ తర్వాత 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. మొత్తం మీద సానియా 91 వారాలు నంబర్ వన్‌గా ఉంది. దువ్వెన పట్టలేకపోయిన చెయ్యి అదే.

2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చిన మొదటి టోర్నమెంటులోనే, హోబార్ట్‌లో, డబుల్స్ కప్పు పట్టుకుంది. 2022తో ఆట ముగిస్తానని ముందే ప్రకటించింది. ఆగస్టులో కెనడాలో ఆడుతుండగా ఈసారి మోచెయ్యి దెబ్బతింది. యూఎస్ ఓపెన్ ఆడలేకపోయింది. అయినా గాయం తనను సాగనంపడానికి ఆమె ఒప్పుకోలేదు. ముగింపును కొన్ని నెలలు వాయిదా వేసి, 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ రోహన్ బోపన్నతో ఆడి, ఫిబ్రవరిలో దుబాయ్‌లో సెలవు తీసుకుంది. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 43 డబుల్స్ టైటిళ్లు.

ఇక్కడ కాస్త సముద్రం దాటి వెళ్దాం. చేతి గాయాలతో అందరికంటే ఎక్కువ అవస్థ పడేవాళ్లు బేస్‌బాల్ పిచ్చర్లు. అమెరికాలో మన తెలుగువాళ్ల పిల్లలు చాలామంది ఆ ఆట ఆడుతున్నారు కాబట్టి ఇప్పుడది మనకు మరీ దూరం ఏమీ కాదు. పిచ్చర్ అంటే బంతి వేసేవాడు. మన బౌలర్ చెయ్యి చాచి వేస్తాడు, పిచ్చర్ మోచెయ్యి మడిచి విసురుతాడు. ఒళ్లు ముందుకు దూకుతుంది, ముంజేయి మాత్రం వెనకే వేలాడుతుంది. ఆ క్షణంలో మోచేతి లోపలి వైపు ఉన్న ఒక చిన్న లిగమెంట్ మొత్తం లాగుడును భరిస్తుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరేవాళ్లకు ప్రతి బంతీ ఆ లిగమెంట్ తెగే హద్దు దాకా వెళ్లి వస్తుంది. మధ్యలో విశ్రాంతి దొరికితే అది బాగుపడుతుంది. దొరకకపోతే పోగు పోగుగా విడిపోయి ఒకరోజు పుటుక్కుమంటుంది.

1966లో శాండీ కోఫాక్స్ అనే మహా పిచ్చర్ ఒకే సీజనులో 27 గెలుపులు సాధించి, ఆ చలికాలంలోనే 30 ఏళ్ల వయసులో ఆట మానుకున్నాడు. మోచెయ్యి అరిగిపోయింది. అప్పట్లో వైద్యుల దగ్గర దానికి మార్గం లేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 1974లో, కోఫాక్స్ ఆడిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టులోనే టామీ జాన్ అనే ఎడమచేతి పిచ్చర్ మోచేతి లిగమెంట్ తెగింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఒక కొత్త ఆపరేషన్ తలపెట్టారు. కుదిరే అవకాశం వందలో ఒకటి అని ముందే చెప్పారు. టామీ జాన్ సరేనన్నాడు.

శ్రోతలు ఇప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. అరచెయ్యి మీ వైపు తిప్పుకోండి. బొటనవేలినీ చిటికెన వేలినీ కొనలు కలపండి. అలాగే పట్టుకుని మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో ఒక తీగలాంటిది ఉబ్బెత్తుగా లేచి కనబడిందా? కొందరికి కనబడదు, కంగారు పడకండి. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు, లేనందువల్ల చేతికి వచ్చే లోటూ లేదు. జోబ్ చేసింది ఇదే: టామీ జాన్ కుడిచేతిలోని ఆ తీగను తీసి, ఎడమ మోచేతి ఎముకల్లో చిన్న రంధ్రాలు చేసి, తెగిన లిగమెంట్ స్థానంలో కట్టారు. ఒక మణికట్టు ఒక మోచేతికి ప్రాణం పోసింది. 1975 మొత్తం టామీ జాన్ ఆట ఆడలేదు. 1976లో తిరిగొచ్చాడు. 46 ఏళ్ల వయసు దాకా ఆడాడు. అతని మొత్తం 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాత వచ్చినవే. ఈ రోజుకూ ఆ ఆపరేషన్‌ను డాక్టరు పేరుతో కాక ఆ ఆటగాడి పేరుతోనే పిలుస్తారు.

ఈ ఆపరేషన్ అందరినీ నిలబెట్టిందా అంటే, లేదు. మన దేశపు రింకూ సింగ్ సంగతి చూడండి. ఇతను క్రికెట్ ఆడే రింకూ కాదు, ఉత్తరప్రదేశ్ భదోహీ జిల్లాకు చెందిన లారీ డ్రైవరు కొడుకు. తొమ్మిదిమంది పిల్లల్లో ఒకడు. జావెలిన్ విసిరేవాడు. 2008లో మన దేశంలో 'మిలియన్ డాలర్ ఆర్మ్' అని ఒక పోటీ పెట్టారు. బేస్‌బాల్‌ను ఎవరు వేగంగా, గురి తప్పకుండా విసిరితే వాళ్లకు బహుమతి. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని ఈ కుర్రాడు గంటకు దాదాపు 140 కిలోమీటర్ల వేగంతో విసిరి గెలిచాడు. అమెరికా వెళ్లాడు, ఇంగ్లిష్ నేర్చుకున్నాడు, ఆ ఏడాది చివరికే పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. 2009లో అమెరికాలో ప్రొఫెషనల్ బేస్‌బాల్ మ్యాచ్ గెలిచిన తొలి భారతీయుడయ్యాడు. 2012 దాకా కింది లీగుల్లో మెట్టు మెట్టుగా ఎదిగాడు.

2013లో మోచెయ్యి. టామీ జాన్ పేరుతో పిలిచే ఆ ఆపరేషనే అతనికీ చేశారు. ఆ ఏడాది ఆట లేదు. మరుసటి ఏడాదీ లేదు. ఆ పైఏడాదీ లేదు. 2014లో అతని జీవితం మీద హాలీవుడ్ సినిమా వచ్చింది, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం ఇచ్చారు. ప్రపంచమంతా తెర మీద అతని చెయ్యి విసిరిన బంతిని చూస్తున్న రోజుల్లో ఆ చెయ్యి బంతి విసరలేని స్థితిలో ఉంది. ఆ మాట తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. మళ్లీ అతను పోటీ మ్యాచ్‌లో పిచ్ వెయ్యలేదు. 2018లో ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లి, వీర్ మహాన్ పేరుతో బరిలో దిగాడు.

అతనిలాగే జావెలిన్ విసిరే నీరజ్ చోప్రాకు కూడా 2019లో కుడి మోచేతికి ముంబైలో ఆపరేషన్ జరిగింది. ఆ ఏడాది ప్రపంచ పోటీలకు వెళ్లలేకపోయాడు. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. రెండు మోచేతులు, ఇద్దరికీ మంచి వైద్యం, ఇద్దరికీ పట్టుదల. ఒకరికి చెయ్యి తిరిగొచ్చింది, ఒకరికి రాలేదు. కష్టపడితే అంతా సాధ్యమే అని పిల్లలకు చెప్పే పెద్దలు రింకూ సింగ్‌ను కూడా గుర్తుంచుకోవాలి. అతనికి కష్టపడటంలో ఏ లోటూ లేదు.

కాబట్టి గాయమయ్యాక ఏం చెయ్యాలన్న దానికంటే, కాకముందు ఏం చెయ్యాలన్నది ముఖ్యం. బేస్‌బాల్ దేశం ఆ పాఠం పిల్లల చేతులు పాడయ్యాక నేర్చుకుంది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ 2007 నుంచి లెక్క పెట్టింది. తొమ్మిది, పదేళ్ల పిల్లాడు రోజుకు 75 బంతులకు మించి పిచ్ చెయ్యకూడదు. పదకొండు, పన్నెండేళ్లవాడికి 85. పద్నాలుగేళ్లు, ఆ లోపు వయసు పిల్లాడు ఒకరోజు 66 గానీ అంతకు మించి గానీ వేశాడంటే నాలుగు రోజులు చేతికి సెలవు. మ్యాచ్ ఫైనలైనా సరే, ఎంత గొప్ప పిచ్చరైనా సరే, లెక్క నిండితే దిగిపోవాల్సిందే.

ఇంత కచ్చితం ఎందుకంటే, పిల్లల ఎముక పెద్దల ఎముకలాంటిది కాదు. ఎదిగే వయసులో ఎముక చివర్ల దగ్గర ఇంకా మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అక్కడి నుంచే ఎముక పొడుగవుతుంది. మోచేతి లోపలి వైపు లాగుడు ఎక్కువైతే పెద్దవాళ్లకు లిగమెంట్ తెగుతుంది, పిల్లలకు ఆ ఎదిగే భాగమే ఊడొస్తుంది. మన పిల్లలు బేస్‌బాల్ ఆడరు కదా అంటారేమో. బౌండరీ దగ్గర నుంచి వికెట్ కీపర్ దాకా బంతి విసిరే చెయ్యి మడిచే విసురుతుంది. ఆ త్రోలను మన ఊళ్లలో ఎవరూ లెక్కపెట్టరు. ఇక బౌలింగ్ భారం భుజం మీద, నడుము మీద, మోకాలి మీద పడుతుంది.

మన పొరుగునే ఉన్న సేలం జిల్లా చిన్నప్పంపట్టి కుర్రాడు నటరాజన్‌ను తెలియనివాళ్లు ఈ తావున ఉండరు. ఒకప్పుడు హోసూరు కూడా ఆ సేలం జిల్లాలోదే. టెన్నిస్ బంతితో ఊరి బయళ్లలో యార్కర్లు వేస్తూ పెరిగాడు. 2015లో తమిళనాడు తరఫున రంజీలో దిగగానే అతని మోచెయ్యి మడత మీద అభ్యంతరం వచ్చింది. బౌలింగ్ తీరును మొదటి నుంచి మార్చుకున్నాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున 2020 ఐపీఎల్‌లో 16 వికెట్లు తీశాడు. ఆ ఊపులో ఆస్ట్రేలియా వెళ్లి ఒకే పర్యటనలో మూడు ఫార్మాట్లలోనూ భారత్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. 2021లో మోకాలికి ఆపరేషన్ అయింది. చేతి తీరు మార్చుకోవడం, ఆపరేషన్ నుంచి తిరిగి రావడం రెండూ చేసి చూపించాడు. ఆ చిన్న ఊరి పిల్లాణ్ణి చూసి మన పిల్లలు యార్కర్లు నేర్చుకుంటున్నారు, సంతోషం. ఆ ఓపికను కూడా అతని దగ్గరే నేర్చుకోవాలి.

మన ఇళ్లలో జరిగేది ఏమిటంటే, పిల్లాడు చెయ్యి నొప్పి అనగానే అమ్మ అమృతాంజనం పూస్తుంది, నాన్న 'ఆ మాత్రానికేనా' అంటాడు. మరీ వాచిపోతే పుత్తూరు కట్టు దగ్గరికి తీసుకెళ్తారు. ఎముక విరిగినప్పుడు తరతరాలుగా ఆ కట్టును నమ్ముకున్న జనం మనం. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఇక్కడ దెబ్బ మామూలుగా విరిగే ఎముకకు కాదు, ఆ ఎదిగే భాగానికో లిగమెంట్‌కో. లిగమెంట్ ఎక్స్‌రేలో కూడా కనబడదు. దాన్ని ఎంఆర్ఐలో చూడాలి, కీళ్ల వైద్యుడు చేత్తో పట్టి చూడాలి. ఎక్స్‌రే బాగుందన్నారు కదా అని మరుసటి ఆదివారమే పిల్లాణ్ణి బయలుకు పంపడం చాలా చోట్ల జరుగుతున్నది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. నొప్పిని పంటి బిగువున భరించి ఆడినవాణ్ణి మనం మగాడంటాం, వీరుడంటాం. టీవీలో వ్యాఖ్యాతలు ఆ మాటే అంటారు, బడి వార్షికోత్సవంలో అతిథి ఆ మాటే అంటాడు. పన్నెండేళ్ల పిల్లలు ఆ మాట నమ్మి నోరు మూసుకుంటున్నారు. బీజింగ్‌లో సానియా సెట్టు మధ్యలో చెయ్యెత్తి ఆపేసింది. ఐదేళ్ల తర్వాత సింగిల్స్‌కే స్వస్తి చెప్పింది. ఆ రెండుసార్లూ విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆమె చెయ్యి మాట విన్నది కాబట్టే 36 ఏళ్ల వయసులో గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఆడగలిగింది.

హోసూరు, కృష్ణగిరి బడుల్లోని పీటీ మాస్టర్లకు నా మనవి ఒకటుంది. ఒక నోట్‌బుక్కు పెట్టండి. ఏ పిల్లాడు ఈ రోజు ఎన్ని ఓవర్లు వేశాడు, నిన్న ఎన్ని వేశాడు, ఏ పిల్ల ఎన్ని సర్వీసులు కొట్టింది, ఎన్నిసార్లు గుండు విసిరింది, రోజూ రాయండి. దానికి పైసా ఖర్చు లేదు. బాగా వేస్తున్నాడని ఒకే పిల్లాడి చేత పొద్దున బడి జట్టుకూ, సాయంత్రం ఊరి జట్టుకూ వేయించకండి. టోర్నమెంట్లు నడిపే పెద్దలు చిన్నపిల్లల మ్యాచ్‌లకు ఒక్కొక్కరికి ఇన్ని ఓవర్లే అని హద్దు పెట్టండి. తల్లిదండ్రులూ, పిల్లాడు గానీ పిల్ల గానీ మోచెయ్యి లోపలి వైపు నొప్పి అని రెండోసారి అంటే ఆ రోజే బంతి పక్కన పెట్టించండి, కీళ్ల వైద్యుడికి చూపించండి. నెల రోజులు ఆట పోతే పోనివ్వండి, నెల తర్వాత బయలు అక్కడే ఉంటుంది.